ఎడమవైపు పొర

ఈ మనిషి ముప్పై ఏళ్లుగా రోజుకు అరకిలో మేకులు తింటున్నాడు. పొద్దున టీ తాగాక ఒక గుప్పెడు, మధ్యాహ్నం భోజనమయ్యాక ఇంకో గుప్పెడు. ఇంతవరకు కడుపునొప్పి అంటే ఏమిటో ఎరగడు. వానలో తడిస్తే మాత్రం కాస్త తుప్పు వాసన వస్తాడంతే. నమ్మనివాళ్లుంటే ఆయన సోఫాల కొట్టు ముందు నిలబడి కళ్లారా చూసుకోవచ్చు. సీటు కుంగిన కుర్చీని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, డబ్బాలోంచి నల్లటి చిన్న మేకులు గుప్పెడు తీసి నోట్లో పోసుకుంటాడు. నాలికతో ఒక్కొక్కదాన్నీ పెదవుల మధ్యకి తోస్తాడు. సుత్తికి ఒక కొసన అయస్కాంతం ఉంటుంది. ఆ కొసతో మేకు తలను అందుకుని, చెక్కకు ఆనించి, సుత్తి తిప్పి రెండో కొసతో ఒక్కటి వేస్తాడు. ఇలా లోపలికి ఎన్ని వెళ్లాయో, బయటికి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. మిగిలినవి ఎక్కడికి పోయినట్టు మరి?

అందుకే ఆయన వీధి మొత్తానికీ మేకులాయన. ఎనిమిదో తరగతిలో బడి ఆయన్ని వదిలేసింది గానీ, ఆయన బడిని వదల్లేదు. ఆ బడి హెడ్మాస్టరు కుర్చీకి ఇవాళ్టికీ స్పాంజి మార్చేది ఈయనే. "ఆయన నన్ను బెంచీ ఎక్కించారు, నేను ఆయన్ని మెత్తటి కుర్చీ ఎక్కించాను, చెల్లుకు చెల్లు" అంటాడు. కోతలు కోయడంలో ఆయన్ని మించినవాడు లేడు. సోఫా విప్పితే ఏం దొరుకుతాయని ఎవరైనా అడిగారో, ఇక అయిపోయారు. పెన్నులు, చిల్లర, దువ్వెనలతో మొదలుపెట్టి, కట్టుడు పళ్లు, పెళ్లి ఉంగరాలు దాటి, నిద్రపోతున్న ఇన్సూరెన్సు ఏజెంటు దాకా వెళ్తాడు.

ముందర కొట్టు, వెనక ఇల్లు. ఇంటి ముందు గదిలో ముగ్గురు కూర్చునే సోఫా ఒకటి ఉంది. దాని చట్రం ఆయనే, పెళ్లికి ముందు, తన చేత్తో చేసుకున్నాడు. గిరాకీ తెచ్చిన సోఫాలైతే పాత గుడ్డ ఊడబీకి పారేసి కొత్తది వేస్తాడు. ఇంటి సోఫాకి మాత్రం ఊడబీకడం అనేది లేదు. పాత గుడ్డ అలాగే ఉంచి, దాని మీదే కొత్తది వేస్తాడు. అలా పొర మీద పొర. కుడి చేతి వైపు మూలన మాత్రం మేకులు కొట్టకుండా బొత్తాలు పెట్టించాడు. బొత్తాలు విప్పితే పొరలన్నీ పుస్తకంలో పేజీల్లా తిప్పి చూడొచ్చు. అట్టడుగున ముదురెరుపు ముఖమల్, అది పెళ్లినాటిది. దాని మీద నీలం చారలు, కొడుకు పుట్టినప్పటివి. ఆపైన గోధుమరంగు రెక్సిన్, కొట్టులోకి వాననీళ్లు వచ్చిన ఏడాదిది. అలా అలా పద్దెనిమిది పొరలు. ఆ సోఫా మీద కూర్చుంటే తల పైకప్పుకు తగులుతుంది, దిగాలంటే నిచ్చెన కావాలి.

కొత్త గుడ్డ వేసే ముందు ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. అందరూ ఆ మూల చుట్టూ చేరి ఒక్కో పొర తిప్పుతూ దాని కథ చెప్పుకుంటారు. కథ చెప్పేది మేకులాయన. కానీ కథలో ఎవరి మాట వాళ్లే అనాలి. ఒకరి మాట ఇంకొకరు అనకూడదు.

ఈసారి ఆ చుట్టూ చేరినవాళ్లలో ఒక కొత్త మనిషి ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల. రెండేళ్ల కిందట, ఆరేళ్ల వయసులో, పిల్లల హోము నుంచి వాళ్లింటికి కూతురై వచ్చింది. వచ్చిన రోజే కొళాయిలన్నీ తిప్పి చూసింది, తలుపు గడియలన్నీ వేసి తీసింది, మెట్లు లెక్కపెట్టి "మీరు తొమ్మిదన్నారు, ఎనిమిదే ఉన్నాయి" అని మేకులాయన ముఖం మీదే చెప్పింది. ఆ క్షణం నుంచి ఆమె ఇన్‌స్పెక్టరమ్మ. మొదటి నెలంతా ఆయన్ని 'సార్' అంది. రెండో నెలలో ఒక రోజు సుత్తి అందిస్తూ "ఇదిగో నాన్నా" అనేసింది. ఆ రోజు ఆయన నోట్లో మేకులున్నాయి కాబట్టి ఏడవడానికి వీల్లేకపోయింది.

బడి నుంచి రాగానే కొట్టులో చెక్కపెట్టె మీద కూర్చుని, నేల మీద పడ్డ మేకుల్నీ పిన్నుల్నీ అయస్కాంతంతో ఏరి డబ్బాలో వేయడం ఆమె సొంతంగా పెట్టుకున్న ఉద్యోగం. ఆయన కూడా తన విద్య దాచుకోలేదు.

"చూడు ఇన్‌స్పెక్టరమ్మా, కుర్చీ వయసు కుర్చీని అడగక్కర్లేదు. నల్లగా, తుప్పు పట్టి, గుండ్రటి తల ఉందా, అది మేకుల కాలం. తెల్లగా మెరుస్తూ రెండు కాళ్లున్నాయా, అది పిన్నుల కాలం. పిన్నుల గన్ను మనం కొని మూడేళ్లే. మీ అమ్మ పోరు పడలేక కొన్నాను."

"పోరు కాదు," అని మిషను దగ్గర్నుంచి భార్య అందుకుంది. సోఫా గుడ్డలు కత్తిరించేదీ కుట్టేదీ ఆవిడే. "నోటినిండా ఇనుము పెట్టుకునే మనిషితో కాపరం ఎలా చేయను? ఏదైనా అడిగితే ఊఁ అంటారు. అది ఒప్పుకోవడమో, మేకు అడ్డంపడటమో నాకెలా తెలుస్తుంది?"

గురువారం సాయంత్రం పొరలు తిప్పడం మొదలైంది. ఎర్ర పొర అయింది, నీలం పొర అయింది. రెక్సిన్ పొర కథలో పిల్లల నాన్నమ్మ సోఫా మీద కూర్చుని వాననీళ్ల మీద వీధి చివరిదాకా తేలుకుంటూ వెళ్లి, అక్కడ కూరగాయలు బేరమాడి తిరిగొచ్చింది. నాలుగోది ఆకుపచ్చ పూల గుడ్డ. దీని కోసమే అందరూ ఎదురుచూస్తారు. ఏడేళ్ల కిందటి సంగతి. అప్పుడు కొడుక్కి ఆరేళ్లు. దాగుడుమూతలాడుతూ, అప్పటిదాకా వెనక వైపు గుడ్డే వేయకుండా తెరిచి ఉన్న ఈ సోఫా వీపులో దూరి నిద్రపోయాడు. ఈయన చూసుకోకుండా గుడ్డ పరిచి మేకులు కొట్టేశాడు.

"రెండు రోజులు!" అన్నాడు మేకులాయన రెండు వేళ్లు చూపిస్తూ. "రెండు పగళ్లు, రెండు రాత్రుళ్లు ఊరంతా వెతికాం. పోలీసులొచ్చారు. వచ్చి ఎక్కడ కూర్చున్నారు? ఈ సోఫా మీదే!"

"పిల్లాడేడి, పిల్లాడేడి?" అంది భార్య. అది ఆవిడ మాట.

"ఒరేయ్, సోఫా గురక పెడుతోందిరా!" అంది నాన్నమ్మ చెయ్యి చెవికి ఆనించి. అది ఆవిడ మాట.

"చప్పున పటకారు తీశాను, పటపటా మేకులు లాగాను, గుడ్డ ఎత్తాను. లోపల్నుంచి వీడు కళ్లు నులుముకుంటూ లేచి..."

"లైటెవరు ఆర్పారు?" అని గట్టిగా అరిచింది ఇన్‌స్పెక్టరమ్మ.

కొట్టులో కూర్చుని ఆ కథ అప్పటికి ఇరవై సార్లు వింది పాపం. నోటికి వచ్చేసింది. పదమూడేళ్ల అన్నయ్య మూతి ముడిచాడు.

"ఏయ్, అది నా మాట. నువ్వు అప్పుడు లేవుగా!"

వాడు చెడ్డవాడేం కాదు. మాట జారాక వాడే ముందు నాలిక కరుచుకున్నాడు. కానీ పిల్ల అప్పటికే చేతిలోని పచ్చ గుడ్డ అంచు వదిలేసింది. మిగతా పొరలు తనే తిప్పింది. ఐదోది, ఆరోది. మూడేళ్ల కిందటి బూడిద రంగు దగ్గర పొరలు అయిపోయాయి.

"అప్పుడు నేనెక్కడున్నాను?" అంది.

మేకులు నమిలే మనిషి మొదటిసారి నీళ్లు నమిలాడు. ఆ పిల్ల కళ్లు అలా తన మీదే నిలిచి ఉంటే భరించలేక, అలవాటైన దారిలో పడిపోయాడు.

"నువ్వు కూడా ఇందులోనే ఉన్నావమ్మా! నువ్వే మర్చిపోయావు. రేపు చూపిస్తాగా!"

భార్య ఆయన వంక అనుమానంగా చూసింది. "ఏం చూపిస్తారండీ?"

ఆయన కన్నుగీటాడు. ఆయన కన్నుగీటితే ఏదో కొంప మునగబోతోందని ఆవిడకు పదిహేనేళ్ల అనుభవం.

శుక్రవారం పిల్లలు బడికి వెళ్లగానే ఆయన పని మొదలుపెట్టాడు. కొట్టులో గుడ్డ ముక్కల సంచి తిరగేసి, బాతు పిల్లల బొమ్మలున్న గులాబీరంగు ముక్క ఒకటి పట్టాడు. టీ నీళ్లలో ముంచి ఆరబెట్టాడు, పాతగా కనపడాలని. కాస్త మట్టి రుద్దాడు. పచ్చ పూల పొర ఎత్తి, దాని కింద ఈ ముక్క పెట్టి, పక్కనున్న గన్ను తీసి టక్ టక్ మని నాలుగు కొట్టాడు. దూరంగా జరిగి తల పక్కకు వాల్చి చూసుకున్నాడు. ఎంత అందంగా ఉందో! ఏడేళ్లుగా అక్కడే ఉన్నట్టుంది. తన తెలివికి తనే మురిసిపోయి, ఆ మధ్యాహ్నం ఒక గుప్పెడు మేకులు ఎక్కువ తిన్నాడు.

సాయంత్రం పిల్ల రాగానే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు.

"ఇదిగో. ఇది చూశావా? నువ్వు పుట్టిన ఏడాది, మాకో పాప రావాలని, వస్తుందని, ఈ ముక్క ముందే వేసి పెట్టుకున్నాం. అన్నయ్య లోపల నిద్రపోయాడే, ఇదిగో, దీని మీదే తల పెట్టుకుని పడుకున్నాడు!"

పిల్ల ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. మోకాళ్ల మీద కూర్చుని బాతుపిల్లల్ని వేలితో తడిమింది. ఆయన గుండె గాలి నింపిన బూరలా అయింది. వేలు బాతుపిల్ల మీంచి అంచుకు వెళ్లింది. అంచున ఆగింది. పిల్ల వంగి చూసింది. మూల దాటాక చెక్కకు దిగిన పచ్చ గుడ్డ అంచు చూసింది, మళ్లీ గులాబీ గుడ్డ అంచు చూసింది.

"ఇవి పిన్నులు," అంది.

ఆయన చప్పున పచ్చ గుడ్డ దించబోయాడు.

"దీనికి మేకులున్నాయి, నల్లవి. దీనికి పిన్నులు. మెరుస్తున్నాయి. గన్ను కొని మూడేళ్లేగా? మీరే చెప్పారుగా." గొంతు చిన్నదైపోయింది. "నేను ఇక్కడ లేను. ఉన్నానని ఎందుకు చెప్పారు?"

లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ సోఫా మీద కూర్చోలేదు. ఇరుకు స్టూలు ఒకటి తెచ్చుకుని గోడ పక్కన వేసుకుంది. భోజనాల వేళకు కొట్టు గుమ్మం దగ్గర నిలబడి, నేల చూస్తూ పిలిచింది.

"సార్, అమ్మ భోజనానికి రమ్మంటోంది."

అరకిలో మేకులు అరిగించుకునే మనిషికి ఆ ఒక్క మాట అరగలేదు. కంచం ముందు కూర్చుని కెలుకుతున్నాడు. వీధిలో ఎంతమందికి ఎన్ని కోతలు కోశాడు! ఇన్సూరెన్సు ఏజెంటును సోఫాలోంచి తీశానని చెబితే ఆ ఏజెంటే పడీపడీ నవ్వాడు. ఎవరూ నొచ్చుకోలేదు. మరి దీనికెందుకిలా? అప్పుడు తట్టింది ఆయనకి. నోటితో చెప్పేది కోత, అది కోతేనని వినేవాడికీ తెలుసు. ఇది గుడ్డకు టీ పట్టించి, మట్టి రుద్ది, చెక్కలోకి దిగ్గొట్టి చెప్పాడు. గిరాకీకి కుళ్లిన చెక్క మీద కొత్త గుడ్డ వేసి ఇచ్చే పని జన్మలో చేయలేదు. కన్నకూతురి లాంటి... ఛీ, లాంటి ఏమిటి, కూతురికి చేశాడు.

శనివారం బడికి సెలవు. పొద్దున నాన్నమ్మ కళ్లజోడు తుడుచుకుంటూ కొట్టులోకి వచ్చింది.

"ఒరేయ్, అది నిన్ను ఏమడిగింది?"

"అప్పుడు నేనెక్కడున్నానని."

"నువ్వేం చెప్పావు?"

"ఇక్కడే ఉన్నావని."

"అదెక్కడుందో దానికి తెలుసురా మొద్దూ. తెలియంది నీకు. రెండేళ్లయింది, ఒక్కనాడైనా అడిగావా? మన కథలన్నీ దాని చెవిలో పోశాం. దాని కథ ఒక్కటైనా విన్నామా?"

పిల్ల అప్పటికే చెక్కపెట్టె మీద కూర్చుని పిన్నులు ఏరుతోంది. కోపం కోపమే, ఉద్యోగం ఉద్యోగమే. మేకులాయన నోట్లో ఉన్న మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మేశాడు. ఖాళీ నోటితో ఆ కొట్టులో ఆయన్ని చూసినవాళ్లు తక్కువ. లోపలికి వెళ్లి, పటకారుతో బాతుపిల్లల గుడ్డ ఊడబీకి తెచ్చి, పిన్నులు పిల్ల డబ్బాలో వేశాడు.

"లెక్క చూసుకోండి ఇన్‌స్పెక్టరమ్మా."

ఆమె డబ్బాలోకి తొంగి చూసింది. "నాలుగుండాలి. మూడే ఉన్నాయి."

ఆయన వెనక్కి పరిగెత్తి, సోఫా కింద పాకి, నాలుగోది పట్టుకొచ్చాడు. దుమ్ము కొట్టుకుపోయిన జుట్టుతో ఆమె ఎదురుగా నేల మీదే చతికిలపడ్డాడు.

"నేను చేసింది తప్పు. అన్నయ్య సోఫాలో పడుకున్న రోజు నువ్వెక్కడున్నావో నాకు తెలీదు. నువ్వు చెబితే వింటాను."

"నాకప్పుడు ఒక్క ఏడాది. నాకేం గుర్తుంటుంది?" అంది చిరాగ్గా.

"నిజమే. మరి గుర్తున్నది చెప్పు."

పిల్ల అయస్కాంతాన్ని అటూ ఇటూ తిప్పింది. తర్వాత లేచి వెళ్లి బడి సంచి తెచ్చింది. పుస్తకాలన్నీ బయట పెట్టి, అట్టడుగు నుంచి ఒక మడత తీసింది. నీలం తెలుపు గళ్ల దుప్పటి ముక్క, జేబురుమాలంత. మూలన ఎర్రదారంతో పధ్నాలుగు అంకె కుట్టి ఉంది.

"నా మంచం నంబరు. వచ్చేటప్పుడు హోములో ఆయమ్మ కత్తిరించి ఇచ్చింది. దుప్పటి పాడుచేసిందని తిడతారని ఎవరికీ చెప్పొద్దంది. రెండేళ్లు చెప్పలేదు."

"మంచిపని చేశావు. ఇప్పుడు చెప్పొచ్చా?"

"రేపు. అందరూ ఉన్నప్పుడు," అంది పిల్ల. అప్పటికి ఆయన్ని సార్ అనీ అనలేదు, నాన్నా అనీ అనలేదు.

ఆదివారం కొత్త గుడ్డ సిద్ధమైంది, నారింజ రంగుది. అందరూ సోఫా చుట్టూ చేరారు. ఇన్‌స్పెక్టరమ్మ స్టూలు ఎక్కి నిలబడింది. గొంతు సవరించుకోవడం అచ్చం మేకులాయనే.

"మా గదిలో ఇరవై మంచాలు. నాది కిర్రు మంచం. నేను ఇటు తిరిగితే పందొమ్మిది మందీ లేచేవాళ్లు. ఒక రోజు మధ్యాహ్నం కిటికీలోంచి పావురం వచ్చింది. ఇంత..." అని రెండు చేతులూ చాపింది. సరిపోలేదు. ఇంకా చాపింది. "ఇంత పావురం! పిల్లలం అందరం మంచాల కిందకి దూరాం. వంటావిడ గరిటె పట్టుకుని వచ్చి, దాని వెంట పరిగెత్తి, పరిగెత్తి, వెళ్లి పిండి డబ్బాలో పడింది. లేచేసరికి తెల్లగా ఉంది. దయ్యమని ఆయమ్మే పారిపోయింది!"

నాన్నమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది, నవ్వుకో దేనికో. అన్నయ్య ముందుకు జరిగాడు.

"మరి పావురం ఏమైంది? అప్పుడు నేనెక్కడున్నాను?"

పిల్ల స్టూలు మీంచి వాడి వంక జాలిగా చూసింది.

"నువ్వు లేవన్నయ్యా. ఏం ఫర్లేదు, నేను చెప్తాగా. నువ్వు పావురం మాట అను."

"పావురం ఏమంటుంది?"

"లైటెవరు ఆర్పారు అనదు. అది మాత్రం నీ సొంతం."

అందరూ గొల్లుమన్నారు. వాడు చెవులు ఎర్రబడేలా నవ్వి, పావురంలా కువకువలాడి చూపించాడు. నాన్నమ్మ తనే అడిగి వంటావిడ మాట పుచ్చుకుంది. అమ్మ ఆయమ్మ అయింది. మేకులాయన కూడా చెయ్యెత్తాడు.

"మరి నాకు?"

ఇన్‌స్పెక్టరమ్మ ఆలోచించింది. "మీరు పిండి డబ్బా."

"డబ్బా ఏమంటుంది?"

"ఏమీ అనదు. నోరు మూసుకుని ఉంటుంది."

పదిహేనేళ్లుగా ఆ మాట అనాలని ఉన్న భార్య, ఆ పిల్లను దగ్గరికి లాక్కుని ముద్దుపెట్టుకుంది.

ఇక గుడ్డ ముక్క ఎక్కడ వేయాలన్నది మిగిలింది. మేకులాయన కుడి మూల పొరలు ఎత్తబోయాడు. పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

"మీ పొరల మధ్యలో వద్దు. నేనప్పుడు వాటిలో లేను."

సోఫా చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. ఎడమ చేతి కింద, చట్రం లోపలి వైపు, ఎన్నడూ గుడ్డ వేయని చెక్క కొంచెం కనిపిస్తోంది. మేకులాయన పెళ్లికి ముందు చిత్రిక పట్టిన చెక్క. అక్కడ వేలు పెట్టింది.

"ఇక్కడ."

"అక్కడైతే నల్లమేకులే కొడదాం, పాతవి. పాతగుడ్డ కదా..." అన్నాడు ఆయన.

"గుడ్డ పాతదే. ఇక్కడికి వచ్చింది ఇప్పుడేగా. పిన్నులే," అంది.

గన్ను రెండు చేతుల్తో పట్టుకుని, కళ్లు మూసుకుని నొక్కింది. నాలుగు పిన్నులు. ఒకటి వంకరగా దిగింది. దాన్ని సరిచేయాలని ఆయన చెయ్యి దానంతటదే లేచింది. భార్య దాని మీద ఒక్కటి వేసింది.

"ఇప్పుడు ఎడమవైపు కూడా బొత్తాలు కుట్టాలా? నేను ఐదే తెచ్చాను," అని సణిగి, ఆవిడ ఆయన మంచి చొక్కా ఒకటి తెచ్చి దాని బొత్తాలు కోసేసింది. నారింజ రంగు గుడ్డ రెండు మూలల్నీ కప్పుతూ పడింది. కుడివైపు విప్పితే వాళ్లవి. ఎడమవైపు విప్పితే పధ్నాలుగో నంబరు.

ఆ సాయంత్రం పిల్ల స్టూలు కొట్టులో పెట్టొచ్చి, సోఫా మధ్యలో కాళ్లు చాపుకుని కూర్చుంది. మేకులాయన కొడుకుని సోఫాలో పెట్టి మేకులు కొట్టిన కథ మళ్లీ మొదలుపెట్టాడు. "రెండు రోజులు! రెండు పగళ్లు, రెండు రాత్రుళ్లు..."

"ఎన్ని నిమిషాలు నాన్నా? నిజం చెప్పండి," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

ఆయన ఎత్తిన రెండు వేళ్లూ దించి ముక్కు తుడుచుకున్నాడు. అమ్మ అందుకుని "పది" అంది. అప్పటినుంచి ఆ కథ ఎప్పుడు చెప్పినా సరిగ్గా అక్కడ ఆ ప్రశ్న పడాల్సిందే. అది ఆమె మాట. ఒకసారి అన్నయ్య పొరపాటున అడగబోయి తిట్లు తిన్నాడు.

ఇదంతా ఎవరో వెళ్లి మేకులాయనకు పూసగుచ్చినట్టు వినిపిస్తే, నోట్లో మేకులన్నీ అరచేతిలోకి తీసుకుని, ఓపిగ్గా ఇలా అన్నాడు:

"మేకులు నేనెప్పుడూ తినలేదు. తుమ్మొచ్చినప్పుడు ఒక్కటి మింగాను, ఆస్పత్రికెళ్లాను. పొరలు పద్దెనిమిది కాదు, ఎనిమిది. అందులో ఏడే నేను వేసినవి. ఒకటి మా అమ్మాయి వేసింది."